ఎంసీవీ మామూలుగానే ఉంది: రెండేళ్ల నీరసం వెనుక దాక్కున్న బి12 లోపం

రోగి 46 ఏళ్ల స్త్రీ. తెనాలి దగ్గరి పల్లె. ఇంటి వసారాలో కాలితో తొక్కే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ సంసారానికి ఆసరాగా ఉన్నారు. పుట్టుకతో శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఏడేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ రోజుకు 2000 మిల్లీగ్రాములు వాడుతున్నారు. నా దగ్గర కూర్చోగానే చెప్పిన మాట: "ఒంట్లో ఓపిక ఉండడం లేదు డాక్టరుగారూ. రెండేళ్లయింది. ఎన్ని బలం మందులు వాడినా ఇంతే."

ఆమె అనుమతితో, ఆనవాలు పట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. జబ్బు అరుదైనదేమీ కాదు, ఇలాంటివారు మా ఓపీలో తరచుగా కనిపిస్తారు. అయితే నీరసం తగ్గాలని దారిపొడవునా ఇచ్చిన ఒక్కొక్క మందూ అసలు జబ్బును మరికాస్త కప్పిపెట్టిన తీరు ఈమె ఫైల్లో కళ్లకు కట్టినట్టు ఉంది. ఇప్పుడిప్పుడే ప్రాక్టీసు మొదలుపెట్టిన డాక్టర్లకూ, రిపోర్టుల సంచితో ఒక క్లినిక్ నుంచి మరో క్లినిక్‌కు తిరుగుతున్నవారికీ ఇది తెలియాలి.

అడిగితే బయటపడ్డవి

ఓపిక లేదని వచ్చినవారిని ముందుగా నేను అడిగేది, ఏ పని చేయలేకపోతున్నారని. కొందరికి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కొందరికి కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంది. కొందరి చేతులు బిందె ఎత్తలేవు. మరికొందరికి శరీరం సహకరిస్తుంది గానీ దేని మీదా మనసు పోదు. ఈ నాలుగింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పరీక్షలు వేరు.

ఈమె ఉదయం ఇంటిపని బాగానే చేసుకుంటారు. పదకొండు గంటలకు మిషను ముందు కూర్చుంటే అరగంటకే నడుం వాల్చాలనిపిస్తుంది. రెండేళ్ల కిందట రోజుకు ఆరు జాకెట్లు కుట్టేవారు, ఇప్పుడు రెండు పూర్తిచేయడం కష్టంగా ఉంది. ఎందుకు తగ్గిందో గుచ్చి అడిగితే అలసట ఒక్కటే కారణం కాదని తేలింది. సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పడుతోంది. కంటి డాక్టరుకు చూపించుకుని అద్దాలు మార్చుకున్నారు, ప్రయోజనం లేదు. హుక్కులు కుట్టేటప్పుడు వేళ్ల మధ్య నుంచి జారిపోతున్నాయి. పెడల్ మీద కాలు ఎక్కడుందో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. చెప్పు ఊడిపోయినా నాలుగడుగులు వేశాక ఎవరో చెబితే గమనించారట.

ఇంకొక మాట ఆమె భర్త చెప్పారు. రాత్రిళ్లు కరెంటు పోతే గోడ పట్టుకోకుండా నడవలేకపోతున్నారని, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకుంటే తూలుతున్నారని. దీన్ని వాళ్లిద్దరూ నీరసంలో భాగంగానే అనుకున్నారు. నా దృష్టిలో ఆ రోజు విన్నవాటిలో అతి ముఖ్యమైన వాక్యం ఇదే. చీకట్లోనో, కళ్లు మూసుకున్నప్పుడో తూలుతున్నారంటే కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాల దారి దెబ్బతిన్నదని అర్థం. వెలుతురులో కళ్లు ఆ లోటును పూడుస్తాయి కాబట్టి బయటపడదు.

తిండి గురించి అడిగితే మొదట "అన్నీ తింటానండీ" అన్నారు. నిన్న ఏం తిన్నారో గంటల వారీగా చెప్పమన్నాను. ఉదయం ఇడ్లీ, రెండు కాఫీలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, గోంగూర, పలచని మజ్జిగ. రాత్రి రెండు చపాతీలు, కూర. షుగరని పెరుగు తగ్గించారు, కాఫీలో పాలు నామమాత్రం. ఆరు నెలలుగా ఆవకాయ మానేశారు. కారం తగిలితే నాలుక భగ్గుమంటోందట. గుంటూరు కారం మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆవకాయ మానేశానంటే తప్పనిసరిగా నాలుక చూడాలి.

మందుల జాబితా రాయిస్తే మెట్‌ఫార్మిన్ తరువాత ఆగిపోయారు. "గ్యాస్ మాత్ర ఏదైనా వేసుకుంటారా?" అని అడిగాను. "అది మందేమిటండీ, రోజూ పరగడుపున వేసుకునేదే" అన్నారు. నాలుగేళ్ల కిందట మోకాళ్ల నొప్పికి పది రోజులు నొప్పి మాత్రలు ఇస్తూ, కడుపులో మంట రాకుండా పాంటోప్రజోల్ రాశారు. నొప్పి మాత్రలు పది రోజులకే ఆగాయి. పాంటోప్రజోల్‌ను ఆపమని ఎవరూ చెప్పలేదు. మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతోంది కాబట్టి ఆమె ఆపలేదు. మన ఊళ్లలో ఇంత నిరాటంకంగా సాగే మందు మరొకటి ఉండదేమో.

నెలసరిలో ఏడాదిన్నరగా రక్తస్రావం ఎక్కువగా ఉంటోంది. ఇది కూడా అడిగితేనే చెప్పారు.

పరీక్షలో కనిపించినవి

కనురెప్పల లోపలి భాగం పాలిపోయి ఉంది. నాలుక ఎర్రగా, నున్నగా, పైనుండే గరుకుతనమంతా పోయి కనిపించింది. రెండు చేతుల వేళ్ల కణుపులు, గోళ్ల చుట్టూ చర్మం నల్లబడి ఉన్నాయి. అంట్ల సబ్బు పడక అలా అయిందని ఆమె నమ్మకం. చామనఛాయ ఉన్న మనవారిలో కణుపులు కొత్తగా నల్లబడడం బి12 లోపానికి మంచి గుర్తు. అది కనిపించడానికి ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు, చేతులు తిప్పి చూస్తే చాలు.

128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును కాలి బొటనవేళ్ల మీద, చీలమండల మీద పెడితే కంపనం తెలియలేదు. మోకాళ్ల దగ్గర తెలిసింది. చేతివేళ్ల చివర కూడా కంపన జ్ఞానం తగ్గింది. కళ్లు మూయించి కాలి బొటనవేలిని పైకో కిందికో కదిపితే ఎటు కదిపానో సగం సార్లు తప్పు చెప్పారు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసి నిలబడమంటే వెంటనే తూలారు. చీలమండ దగ్గర రిఫ్లెక్సు, అంటే చిన్న సుత్తితో తడితే దానంతటదే వచ్చే కదలిక, లేదు. మోకాలి దగ్గర మాత్రం ఉండాల్సిన దానికన్నా చురుగ్గా ఉంది.

ఈ చివరి జంటే కీలకం. షుగర్ ఉన్నవారి పాదాల్లో తిమ్మిరి వస్తే షుగర్ వల్లనే అనుకోవడం సహజం, చాలాసార్లు అది నిజం కూడా. కానీ షుగర్ వల్ల దెబ్బతినేవి ముఖ్యంగా కాళ్లలోకి సాగిన పొడవాటి నరాలు. అప్పుడు రిఫ్లెక్సులు తగ్గుతాయి, చురుగ్గా మారవు. మోకాలి రిఫ్లెక్సు చురుగ్గా ఉండడం, కాళ్లతోపాటు చేతులు కూడా దాదాపు ఒకేసారి మొద్దుబారడం, మంట కన్నా తూలుడు ముందుండడం చూస్తే వెన్నుపాము మీద అనుమానం పోవాలి. బి12 లోపం వెన్నుపాము వెనుక భాగంలోనూ పక్క భాగాల్లోనూ ఉన్న నరాల తొడుగును దెబ్బతీస్తుంది, బయటి నరాలనూ విడిచిపెట్టదు. ఒకే మనిషిలో ఒక రిఫ్లెక్సు పోయి, మరొకటి చురుగ్గా ఉండడానికి ఆ రెండు దెబ్బలూ కలవడమే కారణం.

రిపోర్టులు, వాటి మాయ

పాత ఫైల్లో ఏడాదిన్నర కిందటి రక్తపరీక్ష ఉంది. హిమోగ్లోబిన్ 10.1, థైరాయిడ్ మామూలే. "రక్తం తక్కువ" అని ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు, బీ కాంప్లెక్స్ క్యాప్సూళ్లు రాశారు. మాత్రలు పడక మధ్యమధ్య మానేస్తూ వేసుకున్నారు. క్యాప్సూళ్లు మాత్రం విడవకుండా వాడారు.

నేను చేయించిన వాటిలో ముఖ్యమైనవి ఇవి. హిమోగ్లోబిన్ 9.4. ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, 88. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి కాబట్టి ఇది నడిమధ్యన ఉంది. ఆ కణాల పరిమాణాల్లో తేడాలు ఎంత ఉన్నాయో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ 21 శాతం, ఎక్కువ. ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ 9, బాగా తక్కువ. సీరం ఫోలేటు మామూలే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, మామూలే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.2. సీరం బి12 మిల్లీలీటరుకు 242 పైకోగ్రాములు. ల్యాబ్ వారి పరిధి 187తో మొదలవుతుంది కనుక రిపోర్టులో దాని కింద గీత కూడా లేదు.

ఈ కాగితాన్ని తొందరలో చూసిన ఏ డాక్టరైనా ఇనుము లోపం అని రాసి, బి12 బాగానే ఉందని పంపేసే అవకాశం చాలా ఎక్కువ. ఎంసీవీ పెద్దగా లేకపోతే బి12 లోపం లేదని మనందరికీ పాఠాల్లో నాటుకుపోయింది. ఇక్కడ ఆ సూత్రం ఎందుకు పనిచేయలేదంటే, బి12 లోపం కణాలను పెద్దవి చేస్తుంది, ఇనుము లోపం చిన్నవి చేస్తుంది. రెండూ ఒకేసారి ఉన్నప్పుడు రక్తంలో పెద్ద కణాలూ చిన్న కణాలూ కలిసి తిరుగుతుంటాయి, సగటు తీస్తే మామూలు సంఖ్య వస్తుంది. లోతైన గుంటా ఎత్తైన దిబ్బా ఉన్న పొలానికి సగటు మట్టం కట్టి చదునుగా ఉందన్నట్టే. పొలం ఎగుడుదిగుడుగా ఉందని చెప్పేది ఆర్‌డీడబ్ల్యూ. ఎంసీవీ మామూలుగా ఉండి ఆర్‌డీడబ్ల్యూ బాగా పెరిగితే రక్తపు చుక్కను గాజుపలక మీద పరచి స్వయంగా చూడడమో, చూడగలవారికి పంపడమో చేయాలి. ఈమె స్మియర్‌లో రెండు రకాల ఎర్రకణాలూ ఉన్నాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల కేంద్రకాలు ఐదారు తమ్మెలుగా విడిపోయి ఉన్నాయి. ఇనుము లోపం ఎంసీవీని దాచినంత తేలికగా బి12 లోపపు ఈ ఆనవాలును దాచలేదు.

ఇక 242 సంగతి. సీరం బి12 200 కన్నా తక్కువైతే లోపమని, 300 దాటితే లోపం ఉండే అవకాశం తక్కువని స్థూలంగా లెక్క. మధ్యలో ఉన్నవారికి ఆ సంఖ్య ఏమీ చెప్పదు. పైగా రక్తంలో కొలిచే బి12లో ఎక్కువ భాగం హాప్టోకోరిన్ అనే ప్రొటీనుకు అంటుకుని ఉంటుంది, అది కణాలకు అందేది కాదు. కణాలకు చేరేది ట్రాన్స్‌కోబాలమిన్ మోసుకెళ్లే కొద్ది భాగమే. దానికి తోడు ఈమె రోజూ బీ కాంప్లెక్స్ వేసుకుంటున్నారు. నరాల లోపలి నిల్వలు ఖాళీగా ఉన్నా రక్తంలోని అంకె కాస్త పైకి లేవడానికి అది చాలు. నీరసానికని ఆర్‌ఎంపీ దగ్గరో, మందుల షాపులోనో బలం ఇంజెక్షన్ వేయించుకుని మరుసటి వారం బి12 పరీక్షకు వచ్చేవారి రిపోర్టు ఇంకా మోసపూరితంగా ఉంటుంది. రక్తం ముందు తీయాలి, సూది తరువాత వేయాలి. ఈ క్రమం తప్పితే చాలాసార్లు రోగ నిర్ధారణకున్న మంచి అవకాశం చేజారుతుంది.

అందుకే కణాల లోపల బి12 పని జరుగుతోందా లేదా చెప్పే పరీక్ష కావాలి. మన శరీరంలో బి12 అవసరమైన ఎంజైములు రెండే. ఒకటి హోమోసిస్టీన్‌ను మెథియోనిన్‌గా మారుస్తుంది. రెండోది మిథైల్‌మలోనిల్ కోఎంజైమ్ ఏను సక్సినిల్ కోఎంజైమ్ ఏగా మారుస్తుంది. బి12 చాలకపోతే మొదటి చోట హోమోసిస్టీన్, రెండో చోట మిథైల్‌మలోనిక్ ఆమ్లం పోగుపడతాయి. రెండో పరీక్షే బి12కు ప్రత్యేకమైనది, కానీ చిన్న పట్టణాల్లో దొరకదు, ఖరీదు కూడా. హోమోసిస్టీన్ చేయించాను. 15 లోపు ఉండాల్సింది 41 వచ్చింది. హోమోసిస్టీన్ ఫోలేటు లోపంలోనూ, కిడ్నీలు సరిగా పనిచేయనప్పుడూ, థైరాయిడ్ తగ్గినప్పుడూ పెరుగుతుంది. ఈమెకు ఆ మూడూ లేవు. నిర్ధారణ స్థిరపడింది.

సుబ్బారావుగారి మందు, దాని హద్దు

ఫోలిక్ యాసిడ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఈమెకు జరిగినదానిలో దాని పాత్ర ఉంది కనుక. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అంతకు ముందు 1930 ప్రాంతంలో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ చూపించారు. అందులోని ఆ పదార్థమే ఫోలేటు. తెలుగువాడిగా నాకు సుబ్బారావుగారి పేరు రాసినప్పుడల్లా గర్వం కలుగుతుంది. లక్షల గర్భిణుల రక్తాన్నీ, ఎందరో శిశువుల వెన్నునూ కాపాడిన మందు అది.

అదే మందు, శరీరం బి12ను గ్రహించలేక రక్తహీనత వచ్చే పెర్నీషియస్ అనీమియా రోగులకు ఇచ్చిచూసినప్పుడు రక్తం బాగుపడింది. 1940ల చివరికి వచ్చేసరికి వైద్యులు గమనించిన సంగతి, అలా రక్తం బాగుపడ్డవారిలో నరాల జబ్బు ఆగకుండా ముదిరిందని. బి12ను 1948లో వేరుచేశాక కారణం క్రమంగా తేలింది. కణాల్లో డీఎన్ఏ తయారీకి కావలసిన ఫోలేటు, బి12 లేకపోతే పనికిరాని రూపంలో చిక్కుకుపోతుంది. బయటి నుంచి ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా ఇస్తే ఆ చిక్కును దాటి ఎర్రకణాలు తయారవుతాయి. నరాల తొడుగుకు కావలసిన పని మాత్రం జరగదు. కాబట్టి బి12 సంగతి తేల్చకుండా రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ నెలల తరబడి ఇస్తే, రక్తంలో కనిపించాల్సిన హెచ్చరిక మాయమై నరాలకు నష్టం జరుగుతూ పోతుంది. ఈమె మధ్యమధ్య వేసుకున్న మాత్రలు ఆ పని కొంతవరకు చేశాయని నా అభిప్రాయం. ఇనుము లోపం, ఫోలిక్ యాసిడ్, బీ కాంప్లెక్స్: మూడు తెరలు ఒకదాని వెనుక ఒకటి.

రక్తంలో ఏమీ కనిపించకుండానే నరాలు దెబ్బతినడం కొత్త విషయం కాదు. 1988లో అమెరికాలో ప్రచురితమైన లిండెన్‌బామ్ బృందం పరిశీలనలో బి12 లోపం వల్ల నరాల, మానసిక లక్షణాలు వచ్చిన 141 మందిలో 40 మందికి రక్తహీనత గానీ, పెద్ద ఎర్రకణాలు గానీ లేవు.

లోపం ఎందుకు వచ్చింది?

పెద్దవారికి రోజుకు కావలసిన బి12 రెండు, రెండున్నర మైక్రోగ్రాములు మాత్రమే. మొక్కలు దాన్ని తయారుచేయవు. ఆకుకూరల్లో ఇనుము, ఫోలేటు ఉంటాయి గానీ గోంగూర కట్టలు ఎన్ని వండినా బి12 రాదు. ఇడ్లీ పిండి పులియడం వల్లా, సముద్రపు నాచు పొడుల వల్లా వస్తుందన్న ప్రచారాన్ని నమ్మి శాకాహారులు ధీమాగా ఉండకూడదు. పాలు, పెరుగే వారికి ఆధారం. ఈమె షుగర్ పేరిట ఆ రెండూ తగ్గించేశారు.

తిన్న కొద్దిపాటి బి12 కూడా ఒంటికి పట్టాలంటే దారి చాలా పొడవు. కడుపులోని ఆమ్లం దాన్ని ఆహారంలోని ప్రొటీను నుంచి విడదీయాలి. జీర్ణాశయ గోడలోని కణాలు స్రవించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టరు అనే ప్రొటీనుతో అది జతకట్టాలి. చిన్నపేగు చివరి భాగం ఆ జంటను లోపలికి తీసుకోవాలి. పాంటోప్రజోల్ మొదటి మెట్టును దెబ్బతీసింది. మెట్‌ఫార్మిన్ చివరి మెట్టును. 2010లో నెదర్లాండ్స్ నుంచి వెలువడిన అధ్యయనంలో నాలుగేళ్లకు పైగా మెట్‌ఫార్మిన్ వాడినవారి బి12 సగటున 19 శాతం తగ్గింది. 2022లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ ప్రభావం తరచుగా కనిపించేదేనని వైద్యులను హెచ్చరించింది. కాలేయంలో బి12 నిల్వలు కొన్నేళ్లకు సరిపోతాయి కాబట్టి దెబ్బ వెంటనే తెలియదు. ఏడేళ్ల మెట్‌ఫార్మిన్, నాలుగేళ్ల గ్యాస్ మాత్ర, జీవితకాలపు శాకాహారం కలిసి ఇప్పుడు బయటపడ్డాయి.

కారణాలు ఇన్ని కనిపిస్తున్నా పెర్నీషియస్ అనీమియా సంగతి చూడకుండా వదలలేదు. ఆ జబ్బులో ఇంట్రిన్సిక్ ఫ్యాక్టరును అడ్డుకునే యాంటీబాడీల పరీక్ష హైదరాబాదుకు పంపించాను, నెగెటివ్ వచ్చింది. అది నెగెటివ్ అయినంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం. అందుకే ఎండోస్కోపీ కూడా చేయించాం. జీర్ణాశయపు పొర క్షీణించిన ఆనవాళ్లు లేవు. గర్భాశయంలో ఫైబ్రాయిడ్ అనే చిన్న కండర గడ్డ ఉంది. రక్తస్రావానికి గైనకాలజిస్టు చికిత్స మొదలుపెట్టారు.

చికిత్స, ఆ తరువాత

నరాల లక్షణాలు ఉన్నాయి కనుక మాత్రలతో మొదలుపెట్టలేదు. హైడ్రాక్సోకోబాలమిన్ 1000 మైక్రోగ్రాములు కండరానికి, రోజు విడిచి రోజు, రెండు వారాలు. తరువాత వారానికి ఒకటి, ఆపైన నెలకు ఒకటి. ఇనుము మాత్ర రోజు విడిచి రోజు, కాఫీకి దూరంగా. అలా వేసుకుంటే పేగు దాన్ని మెరుగ్గా గ్రహిస్తుంది, కడుపు ఇబ్బంది కూడా తక్కువ. పాంటోప్రజోల్ ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం మరింత ఎక్కువగా ఊరి, మందు తప్పనిసరి అన్న భ్రమ కలుగుతుంది. కాబట్టి క్రమంగా తగ్గించి ఆపాం. మెట్‌ఫార్మిన్ ఆపలేదు. షుగర్‌కు అది మంచి మందు, బి12 విడిగా ఇస్తే సరిపోతుంది.

వారానికల్లా రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా పుట్టిన ఎర్రకణాలు, పెరిగాయి. రెండు వారాలకు నాలుక మంట తగ్గింది, ఆవకాయ మళ్లీ మొదలైంది. ఎనిమిది వారాలకు హిమోగ్లోబిన్ 11.8, హోమోసిస్టీన్ 12. మూడు నెలలకు సూదిలో దారం మొదటి ప్రయత్నంలోనే ఎక్కుతోందని ఆమె చెప్పారు. కణుపుల నలుపు చాలావరకు విడిచింది. చీలమండల దగ్గర కంపనం ఆరో నెలలో తెలిసింది. బొటనవేళ్ల దగ్గర ఇంకా తెలియడం లేదు. నరాలు కోలుకోవడానికి ఏడాది వరకు పట్టవచ్చు, కొంత నష్టం మిగిలిపోనూవచ్చు. ఎంత కాలం లోపంతో గడిపారన్నదాని మీదే అది ఆధారపడుతుంది. ఈమెకు ముందే చెప్పాను.

హెచ్‌బీఏ1సీ మందులేవీ మార్చకుండానే 7.2 నుంచి 6.7కు దిగింది. ఇనుము, బి12 లోపాల్లో ఎర్రకణాలు ఎక్కువ కాలం తిరగడం వల్ల ఈ అంకె అసలు కన్నా పెద్దదిగా కనిపించవచ్చు. రక్తహీనత ఉన్నప్పుడు దాన్ని చూసి షుగర్ మందు పెంచడానికి తొందరపడకూడదు.

మిగిలిన నాలుగణాలు

ఆరో నెలలో నీరసం ఎలా ఉందని అడిగితే "పన్నెండణాలు తగ్గిందండీ" అన్నారు. రోజుకు ఐదు జాకెట్లు కుడుతున్నారు. కానీ మధ్యాహ్నం వాలిపోవడం పూర్తిగా పోలేదు. "ఇంకో నాలుగు ఆ ఎర్ర సూదులు వేయండి, అదీ పోతుంది" అని అడిగారు. వేయలేదు.

దీర్ఘకాలిక నీరసానికీ బి విటమిన్లకూ ఉన్న సంబంధం గురించి ఇక్కడే స్పష్టంగా మాట్లాడాలి. లోపం ఉన్నవారిలో నీరసం నిజం. రక్తహీనత వల్లా, దానికన్నా ముందే కూడా అది రావచ్చు, చికిత్సతో తగ్గుతుంది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు వేరు. 2015లో అమెరికాలో ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం ఆరు నెలలకు పైగా మునుపటి పనులు చేయలేనంత అలసట ఉండాలి. కాస్త శ్రమపడితే మరుసటి రోజో, ఆ మరుసటి రోజో మంచాన పడేంతగా దిగజారాలి. ఎంత నిద్రపోయినా తేటపడకూడదు. వీటితోపాటు ఆలోచన మందగించడం గానీ, నిలబడితే లక్షణాలు పెరగడం గానీ ఉండాలి. ఈమెకు శ్రమ తరువాతి ఆ దిగజారుడు ఎప్పుడూ లేదు. అందుకే ఆ పేరు పెట్టలేదు.

ఆ జబ్బు ఉన్నవారిలో బి విటమిన్ల పాత్ర మీద పరిశోధనలు జరిగాయి. 1997లో స్వీడన్ పరిశోధకులు పన్నెండు మంది స్త్రీల వెన్నుపాము ద్రవంలో హోమోసిస్టీన్ ఎక్కువగా ఉందని చూపారు. 1999లో లండన్‌లో ఒక చిన్న బృందం రోగుల ఎర్రకణాల్లో బి విటమిన్ల పనితీరు, ముఖ్యంగా బి6ది, తగ్గి ఉందని రాసింది. ఆసక్తి కలిగించేవే గానీ ఇంత కొద్దిమందిని చూసి చికిత్స నిర్ణయించలేం. స్పష్టమైన లోపం లేనివారికి బి12 ఇచ్చిన ప్రయోగాలన్నిటినీ 2021లో కలిపి చూస్తే జ్ఞాపకశక్తి మీదా, కుంగుబాటు మీదా ప్రయోజనం కనబడలేదు. నీరసం మీద తేల్చిచెప్పేంత సమాచారమే దొరకలేదు. మరోవైపు, బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే దానివల్లనే పాదాల తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిరికని బలం మందులు పెంచుకుంటూ పోయేవారికి ఈ సంగతి తెలియాలి.

ఈమె బి12 ఇప్పుడు 640, హోమోసిస్టీన్ మామూలే, ఫెరిటిన్ 46. ఇంకా నాలుగు సూదులు వేస్తే మూత్రంలో పోవడం తప్ప జరిగేదేమీ లేదు. వేసి ఉంటే ఆ మిగిలిన నాలుగణాల కారణం వెతకడం మరో ఆరు నెలలు వాయిదా పడేది. మళ్లీ మొదటి ప్రశ్నకే వెళ్లాం: ఓపిక లేకపోవడం ఇప్పుడు ఎలా ఉంది? ఈసారి జవాబు వేరుగా వచ్చింది. అలసట కన్నా నిద్రమత్తు ఎక్కువ. ఉదయం లేవగానే తలనొప్పి. గురక పక్కగదిలోకి వినిపిస్తుందని భర్త చెప్పారు. రక్తపోటు కూడా ఈ మధ్య కొద్దిగా పెరిగింది. నిద్రలో ఊపిరి ఆగుతోందేమోనని అనుమానించి గుంటూరులో నిద్ర పరీక్షకు పంపించాను, రిపోర్టు రావాల్సి ఉంది.

బి12 సూదులను ఏడాది నిండాక రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్రకు మార్చాలని అనుకుంటున్నాం. మింగిన మోతాదులో సుమారు ఒక శాతం ఇంట్రిన్సిక్ ఫ్యాక్టరు అవసరం లేకుండానే పేగు గోడను దాటుతుంది, కాబట్టి ఆ మోతాదు ఆమెకు చాలు. మెట్‌ఫార్మిన్ వాడినంత కాలం మాత్ర ఆపకూడదు. ఏడాదికొకసారి హెచ్‌బీఏ1సీతో పాటు హోమోసిస్టీన్, పాదాల మీద ట్యూనింగ్ ఫోర్కు పరీక్ష చేయాలని ఆమె చీటీ మీద రాసిచ్చాను.